మామ్మగారి కాఫీ, మామగారి క్లచ్ వైరు

రాయపూర్ కొత్తగా రాజధాని అయిన ఆ రోజుల్లో ఊళ్లో ప్రతివాడికీ ఏదో ఒక పిచ్చి పట్టుకుంది. కొందరికి ప్లాట్లు, కొందరికి కాంట్రాక్టులు, ఇంకొందరికి రాజకీయం. నాకు మాత్రం ఇత్తడి స్టవ్వులు పట్టుకున్నాయి. వంటింట్లో వాడేవి కావు. వెనకటికి దొరలు అడవుల్లో డేరాలు వేసుకున్నప్పుడు వెంట తీసుకెళ్లిన బుల్లి కిరోసిన్ పంపు స్టవ్వులు. కాళ్లు మడిస్తే చిన్న రేకు డబ్బాలో ఒదిగిపోయేవి. సిల్తారా ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగగానే తోటి కుర్రాళ్లు సినిమాకి పోతే, నేను కబాడీ దుకాణాల్లో తుక్కు కెలుకుతూ కూర్చునేవాణ్ణి. దొరికినదాన్ని చింతపండుతో తళతళా తోమి, మంచం కింద పేర్చి, పడుకోబోయే ముందు ఒకసారి వంగి చూసుకునేవాణ్ణి. (పెళ్లికాని కుర్రాళ్ల మంచాల కింద ఇంతకంటే అప్రతిష్ఠ సామాను ఉంటుందని అమ్మకు నచ్చజెప్పబోయాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.)

"ఏట్రా ఇది? కబాడీవోడు వదిలించుకున్న సామాను నువ్వు మోసుకొత్తన్నావు! రేపు పిల్లనిచ్చేవోళ్లు వచ్చి మంచం కింద చూత్తే ఏటనుకుంటారు?" అనేది అమ్మ.

ఏమనుకుంటారో త్వరలోనే తెలిసింది. మా రైల్వే కాలనీలోనే ఉండే ఒక గూడ్సు బండి గార్డుగారి అమ్మాయిని నాకు అనుకున్నారు. ఆ అమ్మాయిని నేను దూరం నుంచి చూశాను, చూసినప్పటి నుంచి స్టవ్వుల మీద కూడా ధ్యాస కొంచెం తగ్గింది. ఇంతలో నేను షిఫ్టు దిగాక వీధుల్లో స్టవ్వులు బాగుచేస్తున్నానని కాలనీలో పుకారు లేచింది. గార్డుగారు మా నాన్నని ఆపి, "పక్కా నౌకరీ అన్నారు కదండీ, మరీ స్టవ్వుల ధంధా ఏటి? జీతం పూరా రాట్లేదా?" అని అడిగారట. పెళ్లిచూపులు ఆగిపోయాయి. చివరికి పెద్దలు ఒక ఉపాయం చేశారు. కార్తీక మాసంలో మా తెలుగువాళ్లంతా వనభోజనాలకి వెళతారు కదా, అక్కడ రెండు కుటుంబాలూ అనుకోకుండా కలిసినట్టు కలవాలి. గార్డుగారి తల్లికి, అంటే మామ్మగారికి, కుర్రాడు నచ్చితే సరి, లేకపోతే మాట అక్కడితో సరి.

"ఆ రోజు స్టవ్వు ఊసెత్తావంటే నీకూ నాకూ మాటల్లేవు" అంది అమ్మ. సరేనన్నాను. అని, నా దగ్గరున్నవాటిలో అందమైన స్టవ్వుని తువ్వాల్లో చుట్టి, కిరోసిన్, స్పిరిట్ సీసాలతో సహా సంచిలో దాచుకుని బయల్దేరాను. ఆరుబయట కోసం పుట్టిన వస్తువుని ఒక్కసారైనా ఆరుబయట వెలిగించాలని నా కోరిక. అసలు అప్పటిదాకా నేను ఒక్క స్టవ్వునీ వెలిగించలేదు. తోమడమే తప్ప.

ఊరికి తూర్పున పొలాల మధ్య ఉసిరి తోట అది. (ఇప్పుడు ఆ పక్క నుంచే నయా రాయపూర్ రోడ్డు, విమానం దిగేటంత వెడల్పున, పోతోంది.) అంతకుముందు వాన పడిందేమో పుల్లలన్నీ తడిసి ఉన్నాయి. వంటవాడు గ్యాసు సిలిండరు తెచ్చి రెగ్యులేటరు ఇంట్లో మరిచిపోయాడు. దానికోసం ఒకాయన ఊళ్లోకి పరిగెత్తాడు. అందరం పేకముక్కలు పంచుకుని సర్దుకున్నాం గాని మామ్మగారు సర్దుకోలేదు. తలకి గుడ్డ బిగించి కట్టుకుని, "కాఫీ నీళ్లు గొంతులో పడకపోతే నాను మనిషిని కాను. నన్ను ఇంటికాడ దించీయండి" అన్నారు. గార్డుగారు స్కూటరు వైపు నడిచారు. ఆ స్కూటరు వెళితే మళ్లీ రాదని అక్కడున్న అందరికీ తెలుసు. మా అమ్మ మొహం పాలిపోయింది. నేను సంచి విప్పాను.

స్టవ్వు బయటికి రాగానే అందరి తలలూ నా వైపు తిరిగాయి. (అమ్మ తల పట్టుకోవడం కూడా చూశాను.) "ఒక్క అయిదు నిమిషాలండీ" అని గార్డుగారిని బతిమాలి, స్పిరిట్ పోసి, అగ్గిపుల్ల గీసి, పంపు కొట్టాను. ఏమీ రాలేదు. ఇంకా కొట్టాను. మళ్లీ ఏమీ లేదు. "బాబూ, కాఫీ పెడతన్నావా, స్టవ్వుకి దండం పెడతన్నావా?" అన్నాడు పేకాటలోంచి ఒకాయన. అందరూ నవ్వారు. మామ్మగారి వెనక నిలబడ్డ ఆ అమ్మాయి మాత్రం నవ్వకుండా దగ్గరకొచ్చి వంగి చూసింది.

"బెజ్జం మూసుకుపోయింది" అంది మెల్లగా. "లోపల ఏదో ఎండిపోయింది."

చింతపండు! తళతళలాడించాలన్న ఆరాటంలో కిరోసిన్ వచ్చే సూది బెజ్జం నిండా గుజ్జు పట్టించాను.

"పిన్ను లేదా?"

"లేదండి."

"ఇన్ని స్టవ్వులున్నాయంట, ఒక్క పిన్ను లేదా?" అని, అటూ ఇటూ చూసి, "నాన్న స్కూటరుకి మొన్ననే కొత్త క్లచ్ వైరు వేయించారు. కింద తోక మిగిలుంది. అందులో ఒక్క పోగు తీసుకోండి. ఒక్కటే!" అంది.

మామ్మగారి చేతిసంచి వెతికే పని గార్డుగారికి ఆ అమ్మాయే అప్పజెప్పింది. నేను స్కూటరు డిక్కీలోని ప్లయరు తీసుకుని, ఎవరి కంటా పడకుండా కింద దూరి ఒక్క పోగే లాగాను. దానితోపాటు దాని బంధువులు కూడా వచ్చేశాయి. వాటిని గబగబా లోపలికి కుక్కి, చేతికొచ్చిన సన్న తీగతో వచ్చి బెజ్జం పొడిచాను. మళ్లీ స్పిరిట్, మళ్లీ పంపు. ఒక్కసారిగా బుస్సుమని నీలిమంట లేచింది! గూడ్సు బండి వంతెన దాటుతున్నంత మోత. పేకాట ఆగిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మామ్మగారు మొదటి గుక్క మింగి, తల గుడ్డ విప్పి, "ఈ గుంటడు పనికొత్తాడు. ఈడికే ఇచ్చీండి" అన్నారు. రెగ్యులేటరు వచ్చేదాకా ఆ బుల్లి స్టవ్వు మీద గ్లాసు తరవాత గ్లాసు కాఫీ కాస్తూ, నేను కిరీటం పెట్టుకున్నవాడిలా కూర్చున్నాను. స్టవ్వుల ధంధా గురించి ఆ తరవాత ఎవరూ అడగలేదు.

ఈ కథ ఇంతవరకు రాయపూర్ తెలుగువాళ్లందరికీ తెలుసు. బెజ్జం పొడిచిన పోగు ఎక్కడిదో, దానివల్ల ఏం జరిగిందో మాత్రం తెలియదు. ఆ సాయంత్రం ఇంటికి వెళుతుంటే గార్డుగారి క్లచ్ వైరు దారిలో తెగిపోయింది. ఆయన స్కూటరు తోసుకుంటూ ఇల్లు చేరారు. మర్నాడు వైరు వేసిన శంకర్ నగర్ మిస్త్రీ దుకాణం ముందు నిలబడి నలుగురూ వినేలా తిట్టి, మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆ తరవాత పంక్చరు పడినా ఊరవతల ఉన్న ఇంకో మిస్త్రీ దగ్గరికే. ఆయన నాకు మామగారయ్యాక, ప్రతి పెళ్లిలోనూ పేరంటంలోనూ ఆ చేతకాని మిస్త్రీ కథ చెబుతుంటే నేను పక్కనే కూర్చుని తల ఊపాను. ఒకటి రెండుసార్లు "వీళ్లంతా ఇంతేనండీ" అని కూడా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పోయిన కార్తీకంలో మామగారితో ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు. తరవాత, "కారు తీయి" అన్నారు. శంకర్ నగర్ వెళ్లాం. మిస్త్రీ ముసలివాడయ్యాడు. మామగారు చేతులు జోడించి, ఆ రోజు తిట్టిన తిట్లకి క్షమించమన్నారు. మిస్త్రీ ఆయన్ని ఎగాదిగా చూసి, "మోలా సురతా నఇ హే, బాబూజీ" అన్నాడు. అతనికి ఏమీ గుర్తు లేదు! మామగారి మొహం చూడాలి. ఇన్నేళ్లు కష్టపడి పెంచిన పగని అవతలివాడు గమనించనే లేదు.

"చాయ్ తాగి వెళ్లండి" అన్నాడు మిస్త్రీ. బల్ల కింద నుంచి జిడ్డు పట్టిన ఒక ఇత్తడి పంపు స్టవ్వు తీశాడు. నా చెయ్యి నాకు తెలియకుండానే ముందుకు వెళ్లింది. మామగారు మోచేత్తో పొడిచి, "మాఫీకి వచ్చాం, బేరానికి కాదు" అన్నారు. మిస్త్రీ పంపు కొట్టాడు. మంట రాలేదు. అతను తాపీగా గోడకు వేలాడుతున్న పాత కేబుల్లోంచి ఒక పోగు తీసి, బెజ్జం పొడిచి, అగ్గిపుల్ల గీశాడు. నీలిమంట బుస్సుమంది.

"చూశావా అల్లుడూ? పాతది కూడా పనికొత్తాది" అన్నారు మామగారు. "నా కొత్త వైరే దొరికిందేటి నీకు?"

ఆ వైరు చూపించింది వాళ్లమ్మాయేనని మాత్రం నేను ఆయనకు ఇంకా చెప్పలేదు. (మా ఆవిడ తన పేరు రాయొద్దంది. రాయలేదు కదా.) చాయ్ తాగుతూ ఆ మంట వైపు చూస్తుంటే, స్కూటరు కింద ప్లయరుతో దూరిన ఆ కుర్రాడే కళ్ల ముందు మెదిలాడు. పాపం, ఒక్క పోగు చాలని చెప్పినా వినకుండా, ఒళ్లు తెలియని సంతోషంలో, గట్టిగా లాగేశాడు.