నేను చెరిపేసిన వంత

తొంభైల చివర కరీంనగర్‌లో నాకొక కంప్యూటర్ సెంటర్ ఉండేది. ఒగ్గు కథను డిస్కులోకి ఎక్కించాలని పట్టుబట్టి మందమర్రి కార్మికుల కాలనీకి పోయాను. వాకిలి నడుమ కెమెరా నిలబెట్టి, కొంచెం కొంచెం తిప్పుతూ చుట్టూ ఫొటోలు తీశాను. కథను టేపు మీద రికార్డు చేశాను. ఫొటోలను అతికించాక మౌస్ కదిలిస్తే చాలు, కథ నడిచే వాకిట్లో మనమే నిలబడి నలువైపులా చూస్తున్నట్టు ఉండేది. అట్లాంటిది మా దగ్గర అప్పటికి ఎవరూ చూడలేదు. నాకు గర్వం తలకెక్కింది.

కథకులు ఇద్దరు అన్నదమ్ములు. కథ చెప్పేది అన్న. వంత పాడేది తమ్ముడు. ఆయనకు బొగ్గుబావిలో పని. అన్న ఒక మాట అంటే తమ్ముడు అడ్డం తగిలి ప్రశ్న వేస్తాడు, వెక్కిరిస్తాడు, జనం తరఫున ఏడుస్తాడు. అయితే మాటమాటకీ ఆయాసపడేవాడు, దగ్గేవాడు. నా చెవికి అది చెత్తలా వినిపించింది. కంప్యూటర్లో ఆయన గొంతంతా కోసేసి, అన్న మాటలను ఒకదానికొకటి అతికించాను. ఇద్దరినీ అడగలేదు. పైగా అసలు టేపు మీద ఎవరిదో పెళ్లి రికార్డు చేశాను. తప్పు యంత్రానిదని చాలా ఏళ్లు చెప్పుకు తిరిగాను. కాదు, కోసింది నా చెయ్యి.

మొదటిసారి చూపించిన రోజు లెక్చరర్లు, వకీళ్లు వచ్చారు. అన్నదమ్ములను ముందు వరుసలో కూర్చోబెట్టాను. తెర మీద వాకిలి గుండ్రంగా తిరిగింది. మెడలో డోలుతో, నోరు తెరిచి తమ్ముడు కనిపించాడు. గొంతు లేదు.

ఆయన లేచి నా దగ్గరికి వచ్చాడు.

"నా గొంతేది సారు?"

ఆయాసం ఎక్కువ వినిపిస్తోందని నసిగాను.

"ఇరవై ఏండ్లు బాయిల దుమ్ము మింగిన. నా గొంతు గిట్లనే ఉంటది. గిది వద్దనుకుంటే బొమ్మల నన్నెందుకు నిలవెట్టినవ్?"

తన గొంతు తిరిగి పెట్టమన్నాడు. టేపు లేదని అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది.

ఆయన తెర పక్కన నిలబడి వంత అందుకున్నాడు, దగ్గుతూనే. కంప్యూటర్లో కథ ఆయన ప్రశ్నకు ఆగకుండా ముందుకు పోయింది. అప్పుడాయన ముందు వరుసకేసి తిరిగాడు.

"ఏందన్నా, నన్ను ఇడిసిపెట్టి ఒక్కనివే గంత దూరం పోయినవ్?"

అప్పటిదాకా తల దించుకున్న అన్న లేచాడు.

"ఒక్కన్ని పోతే తొవ్వ దొర్కలే తమ్మీ."

అక్కడి నుంచి ఇద్దరూ మొదలుపెట్టారు. కుర్చీలు ఒక్కొక్కటీ వాళ్ల వైపు తిరిగాయి. నేను సిగ్గుతో కంప్యూటర్ ఆపబోతే తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనియ్ సారు. ఎంతసేపు చెప్తదో చెప్పనియ్. మేమేం పోతలేం."

కాసేపటికి డిస్కు అయిపోయింది. వాళ్లది సగం కూడా కాలేదు.