తాళంచెవి మింగిన చేప

నా చిన్నప్పుడు పలాసలో మేమున్న వీధంతా కాల్చిన జీడిపిక్కల వాసన వేసేది. బట్టీల్లో కాల్చి కొట్టిన పప్పును పొట్టు తీయడానికి ఇళ్ళకు తెచ్చుకునేవారు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆడవాళ్ళందరూ ఎవరి పళ్ళెం వాళ్ళు పట్టుకుని పక్కింటి అక్క వరండాలో చేరేవారు. చిన్న చాకుతో పొట్టు గీకాలి, పప్పు విరగకూడదు. కళ్ళకూ చేతులకూ పని ఉండేది గాని నోటికి ఉండేది కాదు. "నోటికి పని సెప్పకపోతే పప్పు నోట్లోకే ఎల్లిపోతాది" అని అక్క నవ్వేది. అందుకే వాళ్ళ నోళ్ళకు ఆమె నవలలు అప్పగించింది.

అక్క పదో తరగతి దాకా చదివింది. బస్టాండు దగ్గరి అద్దె పుస్తకాల బడ్డీలో ఆమె తిరగేయని పుస్తకం ఉండేది కాదు. టీవీలో సీరియళ్ళు అప్పటికే వస్తున్నాయి గాని మధ్యాహ్నం పూట కరెంటు ఉంటే కదా. అందరూ కూర్చోగానే అక్క ముందుగా అడిగే మాట ఒకటే, "ఇప్పుడు ఏటి సదువుతున్నారే?" ఒకామె వారపత్రికలో వస్తున్న సీరియల్ ఎక్కడ ఆగిందో చెప్పేది. ఇంకొకామె డిటెక్టివ్ నవలలో హంతకుడెవరో తనకు ముందే తెలిసిపోయిందని గొప్పలు పోయేది. చదవడం రాని ముసలమ్మ ఒకామె గోడవారగా కూర్చుని, "అప్పుడేటయింది? అప్పుడేటయింది?" అని అందరినీ తొందరపెట్టేది.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. కథ చెప్పేవాళ్ళు చాకు పట్టనక్కర్లేదు. వాళ్ళ పళ్ళెం మధ్యలో పెడితే మిగతావాళ్ళు తలా గుప్పెడు తీసుకుని పొట్టు తీసిపెట్టేవారు. నేను కథ చెబితే మా అమ్మ పళ్ళెం మధ్యలోకి వెళ్ళేది.

అప్పుడు నేను ఏడో తరగతి. బడి నుంచి వస్తూ బడ్డీ దగ్గర నిలబడి అట్ట వెనకాల రాసిన నాలుగు ముక్కలు, మొదటి పేజీ, చివరి పేజీ చదివేవాణ్ణి. ఆదివారం వరండాలో ఆ నవలంతా చదివేసినట్టు మాట్లాడేవాణ్ణి. మధ్యలో ఏం జరిగిందని ఎవరైనా అడిగితే, "చెప్పేస్తే మీకు మజా ఉండదు" అని పెద్దమనిషిలా తప్పించుకునేవాణ్ణి. అమ్మ స్తంభానికి నడుం ఆనించి, "మావోడికి ఇంత లావు పుస్తకమైనా రెండ్రోజులే" అనేది. అమ్మ వేళ్ళకు కాస్త విశ్రాంతి దొరుకుతుందని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. అది నిజం కాదు. ఆ పొగడ్త వినడం కోసమే చెప్పేవాణ్ణి. నా అబద్ధాలకు వేరేవాళ్ళ వేళ్ళు పనిచేస్తున్నాయన్న సంగతి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఒక ఆదివారం అక్క నావైపు తిరిగి మామూలుగా అడిగింది.

"ఒరే, 'తాళంచెవి మింగిన చేప' సదివినావేట్రా?"

ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. అయినా నాలుక ఆగలేదు. "ఓ! పోయిన వారమే అయిపోయింది. చాలా బాగుంటుంది" అన్నాను.

"అలాగైతే సెప్పు. అట్ట ఎనకాల ముక్క కాదు, మొదట్నుంచీ సెప్పాలి" అంటూ అక్క స్వయంగా అమ్మ పళ్ళెం తీసి మధ్యలో పెట్టింది. అమ్మ ఎప్పటిలాగే స్తంభానికి ఆనుకుని నా మొహంలోకి చూసింది. తెలియదని నేను ఒప్పుకుంటే వెనకటివన్నీ బయటపడతాయి. అప్పుడు అంతమందిలో తల దించుకోవాల్సింది అమ్మ.

మా అమ్మమ్మగారి ఊరు బారువ దగ్గర, సముద్రం ఒడ్డున. ఆ పల్లెనే తలుచుకుని మొదలుపెట్టాను. ఒకతను వేటకు వెళ్ళేముందు పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని పడవ ఎక్కాడు. మళ్ళీ రాలేదు. తాళం పగలగొట్టమని ఊరంతా చెప్పినా భార్య వినలేదు. పగలగొడితే అతను ఇక రాడని ఒప్పుకున్నట్టే కదా. ఆనాటి నుంచి ఒడ్డుకు వచ్చిన ప్రతి పెద్ద చేపనూ తానే కోసేది. ఒకరోజు ఒక వంజరం కడుపులో చాకుకు గట్టిగా ఏదో తగిలింది. తీసి కడిగి చూస్తే తాళంచెవి.

"పెట్టె తెరిసిందా?" అంది ముసలమ్మ.

ఆ తర్వాత ఏమవుతుందో నాకే తెలియదు. చుట్టూ చూశాను. ఒక్క చాకూ కదలడం లేదు. "తెరవలేదు. ఆ తాళంచెవి ఈ తాళానిది కాదు" అన్నాను.

"ఓలమ్మా!" అన్నారు ఇద్దరు ముగ్గురు.

ఆ మాటతో నాలో భయం పోయింది. కథ దానంతటదే నడిచింది. ఆమె తాళంచెవి పట్టుకుని ఒడ్డు వెంబడి ఊరూరా తిరిగింది. చివరికి ఒక గుడిసెలో తనలాగే తాళం వేసిన పెట్టె ముందు కూర్చున్న ఇంకొక ఆడమనిషి కనిపించింది. ఆ తాళంచెవి అక్కడ తిరిగింది. పెట్టెలో భర్త ఆమె కోసం కొని దాచిన కొత్త చీర ఉంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. మొదటామె ఇంటికొచ్చి, ఒక రాయి తీసుకుని తన పెట్టె తాళం తానే పగలగొట్టింది.

"అందులో ఏటుంది?" అంది ముసలమ్మ.

"అది పుస్తకంలో రాయలేదు" అన్నాను.

ఒకామె మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. నన్ను పట్టుకోవడానికి వల వేసిన అక్క కూడా చాకు కింద పెట్టేసి నన్నే చూస్తోంది.

సాయంత్రం కుళాయి దగ్గర అక్క బిందె దించి, ఎవరూ వినకుండా చెప్పింది. "అలాంటి పుస్తకం నేదురా. పొద్దున్న సేప కోస్తుంటే నోటికొచ్చిన పేరది. నీ గుట్టు బయటెడదామని నాను పేరు పుట్టిస్తే, నువ్వు దానికి కతే పుట్టించేసినావు." ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. "నాది అని సెప్తే అది కత. సదివినాను అంటే అబద్ధం. ఏది కావాలో నువ్వే సూసుకో. నానైతే ఎవలికీ సెప్పను."

ఎవరికీ చెప్పనన్న ఆ మాటే నన్ను వారమంతా నిద్రపోనివ్వలేదు. తిట్టినా తేలిగ్గా ఉండేది.

మరుసటి ఆదివారం అందరూ కూర్చోగానే లేచి నిలబడి మొత్తం చెప్పేశాను. ఇంతవరకు ఒక్క నవల కూడా పూర్తిగా చదవలేదని, చేప కథ ఏ పుస్తకంలోనూ లేదని చెప్పాను. అమ్మ స్తంభం దగ్గరి నుంచి ముందుకు జరిగి, పక్కవాళ్ళ పళ్ళేల్లోంచి తలా గుప్పెడు పప్పు తన పళ్ళెంలో వేసుకుంది. "ఈడి అబద్ధాలకి మీ యేళ్ళు అరిగినాయి. ఈ వారం మీది నాను వొలుత్తాను" అంది. నేను వెళ్ళి అమ్మ పక్కన కూర్చుని చాకు పట్టుకున్నాను. నా చేతిలో పడిన పప్పు పడినట్టే విరిగిపోయింది. "కతలైతే అల్లుతాడు గానీ, ఈడి సేతిలో పప్పంతా బద్దలే!" అంది అక్క. వరండా అంతా నవ్వింది.

నవ్వనిది ముసలమ్మ ఒక్కతే. ఏదో లెక్క తేలనట్టు నన్నే చూస్తూ, "ఒరే సిన్నోడా, పుస్తకం నేదన్నావు. అంటే ఆ కత నీదే. మరలాగైతే ఆ పెట్టెలో ఏటుందో నీకు తెలవాల కదా. సెప్పు!" అంది.

"నాకూ ఇంకా తెలీదు" అన్నాను.

"అయితే వచ్చే ఆదివారానికి తెలుసుకుని రా."

అమ్మ నావైపు చూసింది. వెనకటి వారాల్లో చూసినట్టు కాదు. అప్పుడు ఆ చూపు పుస్తకాలు చదివే కొడుకు మీద ఉండేది. ఇప్పుడు నామీద ఉంది. అంత ఎత్తుకు నన్ను ఏ బహుమతీ ఆ తర్వాత ఎత్తలేదు.

ఆ వారమే అక్క ఒక నవల తెచ్చి, చివరి పేజీ చూడకూడదని ఒట్టు వేయించుకుని నా చేతిలో పెట్టింది. "ఏటి సదువుతున్నావు?" అని వరండాలో అడిగినప్పుడు, "సగంలో ఉన్నాను, ఏమవుతుందో తెలీదు" అన్నాను. నిజంగా తెలియకపోవడంలో ఇంత ఆనందం ఉందని అంతవరకు నాకు తెలియదు.

నేనిప్పుడుండే ఊళ్ళో నాలాంటి పాఠకులం కొందరం అప్పుడప్పుడూ కూడుతుంటాం. ఏం చదువుతున్నారని అడిగితే పుస్తకం పేరుతో పాటు ఎన్నో పేజీలో ఉన్నానో కూడా చెబుతాను. చదవనిది చదవలేదనే అంటాను. నేను అల్లినదైతే, నాదే అని ముందుగా చెప్పి మొదలుపెడతాను. నోరు తెరిచే ముందు ఒక్క క్షణం, నా మాటల కోసం ఎవరి వేళ్ళు పనిచేస్తున్నాయో చూసుకుంటాను. ఆ తర్వాత ఇక భయం లేదు. నా లోపల ఇప్పటికీ గోడవారగా కూర్చుని ముసలమ్మ అడుగుతూనే ఉంటుంది, "అప్పుడేటయింది?"