గీత దాటిన మందు

నా చిన్నప్పుడు కాళ్లు నా మాట వినేవి కావు. పుట్టినప్పటి నుంచీ కండరాలు బిగుసుకుపోయి ఉండేవి. అవి కాస్త వదులవడానికి డాక్టరమ్మ ఒక సిరప్ రాసిచ్చారు. సూది లేని చిన్న సిరంజిలో గీత వరకే తీసి, చెంప పక్కనుంచి మెల్లగా పట్టాలి.

అమ్మానాన్నలు చెరకు కొట్టడానికి వెళ్లిన రోజుల్లో నన్ను చూసుకునేది మా చిన్నత్త, నాన్నకి చెల్లెలు. నా జడలు ఆవిడే వేసేది. చంకనేసుకుని చోడవరం బజారంతా తిప్పేది. అమ్మ తరవాత నాకు ఆవిడే. కొన్ని రోజులు అమ్మకంటే ముందు.

ఒక రోజు ఆవిడ ముస్తాబై, స్నేహితురాళ్లతో మాడుగుల వెళ్లడానికి సిద్ధంగా ఉంది. పొద్దుటి మందు అమ్మ అప్పటికే పట్టేసి వెళ్లింది. అయినా చిన్నత్త సీసా తీసింది. సిరంజి ముట్టుకోకుండా అన్నం తినే చెంచా నిండా పోసింది.

"అమ్మ ఇచ్చీసింది కదత్తా" అన్నాను.

"ఇంకాస్త తాగితే కాళ్లు బేగి వదులవుతాయే గుంటా. సాయంత్రానికి నడిపిస్తాను సూడు."

నడవడం! ఇంకో చెంచా నేనే అడిగి తాగాను. కళ్లు వాలిపోతుంటే ఆవిడ నా చెంప తట్టి చూసి, గుమ్మం వైపు తిరిగి, "పడుకుండిపోయింది. పదండే, బస్సెళ్లిపోద్ది" అనడం వినిపించింది. నేనింకా పడుకోలేదు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన అమ్మ ఎంత కుదిపినా లేవలేదట. మెడ నిలవలేదట, ఊపిరి బాగా నెమ్మదించిందట. ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తారు. మర్నాటికి గాని నేను మనుషుల్ని గుర్తుపట్టలేదు.

"ఈ మందే వద్దు, పారబోసేస్తాను" అని అమ్మ ఏడ్చింది. అలా ఒక్కసారిగా మానేస్తే బిగుతు ఇంకా పెరుగుతుందని, ఫిట్స్ కూడా రావచ్చని, మళ్లీ ఎప్పుడు, ఎంత మొదలుపెట్టాలో తానే చెప్తానని డాక్టరమ్మ నచ్చజెప్పారు. తరవాత నా మంచం మీద కూర్చుని, సిరంజి నా చేతిలో పెట్టి గీత చూపించారు. "ఇది దాటి ఉంటే నోరు తెరవకమ్మా. ఎవరు పట్టినా సరే."

చిన్నత్త వచ్చి భోరున ఏడ్చింది. "ఒట్టు వదినా, కాళ్లు బాగవుతాయనే ఇచ్చేను." అందరూ నమ్మారు. గుమ్మం దగ్గర విన్న మాట నేను బయటపెట్టలేదు. పెడితే ఇంక నా దగ్గరికి రాదని భయం. ఆవిడ వస్తూనే ఉంది, జడలు వేస్తూనే ఉంది. ఆ వేళ్లు తలలో కదులుతుంటే మునుపటిలా కళ్లు మూసుకోవడం మాత్రం నాకు చేత కాలేదు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. మందు నా కూతురు పడుతుంది, నన్ను ప్రాణంలా చూసుకుంటుంది. అయినా రోజూ "గీత చూపించు" అంటాను. "నా మీద నమ్మకం లేదామ్మా?" అని నవ్వుతుంది. ఉందనే చెప్తాను. సిరంజి వెలుతురులో పెట్టి చూశాకే నోరు తెరుస్తాను.