పోలయ్య డప్పుకు కొత్త తోలు

1957 వేసవి. ప్రత్తిపాడు దగ్గరి పశువుల ఆసుపత్రిలో నేను స్టాక్‌మన్‌ని. అంటే డాక్టరు కింద సూదులు వేసి, కట్లు కట్టేవాణ్ణి. రైతులకు మాత్రం నేనూ డాక్టరునే.

ఓ పొద్దున ఊరిపెద్ద వెంకయ్యగారు కబురంపారు. మిరపకల్లం పక్కన ఆయన కోడెదూడ చచ్చి పడుంది. ముందురోజు బాగానే మేసిందట. ముక్కులోంచి నల్లటి నెత్తురు, గడ్డకట్టని నెత్తురు. ఆంత్రాక్స్! మనవాళ్లు దొమ్మ అంటారు. చెవి కొసనుంచి నెత్తుటిచుక్క తీసి గాజుపలక మీద పూశాను. దాన్ని స్మియర్ అంటారు, ల్యాబుకు పంపాలి. జవాబు వచ్చేదాకా ఆగితే కొంప మునుగుతుంది.

"కోయొద్దు, తోలు తీయొద్దు. లోతుగా గొయ్యి తీసి, సున్నం పోసి పూడ్చండి" అన్నాను.

పోలయ్య అక్కడే నిలబడ్డాడు. ఏటా జరిగే అంకమ్మ కొలుపులో పెద్దడప్పు వాళ్లింటిది, తాతలనాటి హక్కు. ఊళ్లో చచ్చిన దూడ తోలుతోనే ఏటా దాన్ని కొత్తగా బిగించాలి. అది మోగందే అమ్మ ఊరేగింపు కదలదు. కొలుపు దగ్గరపడింది, తోలు దొరకలేదు.

"తోలొక్కటే అయ్యా. మాంసం ముట్టను, అమ్మతోడు."

"ఆ తోలే నీ ప్రాణం తీస్తుందయ్యా!"

"పాతది చిరిగిపోయింది. ఈ ఏడు నా డప్పు మోగకపోతే పక్కూరోళ్లని పిలుస్తారు. ఇంక ఆ హక్కు మా ఇంటికి రాదయ్యా."

ఈ ఒక్క ఏటికీ ఆచారం పక్కనబెట్టి గుంటూరులో ఓ తోలు కొనిపెట్టమని వెంకయ్యగారిని బతిమాలాను.

"హక్కు వాడిదండీ. తోలూ వాడే చూసుకోవాలి. ఊరికేం పట్టింది?" అని కండువా దులుపుకుని వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండింది. దగ్గరుండి దూడను పూడ్పించి, పైన ముళ్లకంప వేయించాను.

కొలుపునాడు ఊరి పొలిమేరలోనే డప్పు వినపడింది. కొత్త తోలు మోత. అంత గొప్పగా డప్పు వాయించడం నేను మళ్లీ వినలేదు. జనం పూనకంతో ఊగిపోతున్నారు. పోలయ్య ముంజేతి మీద నల్లటి పుండు, చుట్టూ వాపు. మనిషికి దొమ్మ సోకితే అట్టాగే ఉంటుంది.

"గొయ్యి తవ్వి తోలు తీశావు గదా! పద గుంటూరు ఆసుపత్రికి. పెన్సిలిన్ ఉంది, బతుకుతావు."

"అమ్మని సాగనంపి వస్తానయ్యా. మధ్యలో డప్పు దించితే ఊరికి అరిష్టం."

పెద్దల దగ్గరికి పరుగెత్తి అరిచాను. "పండగపూట ఆ అపశకునం మాటలేంటండీ!" అని నన్నే కసిరారు.

అమ్మని సాగనంపాకే పోలయ్యను బండెక్కించారు. అప్పటికే మాట పడిపోయింది. గుంటూరు చేరకముందే పోయాడు.

డప్పు కాల్చేయాలి, అది రూలు. పోలయ్య భార్య నాగమ్మే తెచ్చి మంటలో పెట్టింది. సెగకు తోలు బిగిసి, ఠప్పున పగిలింది.

"వాయించేముందు ఇట్టాగే కాచేవాడయ్యా. బిగిసిందో లేదో వేలితో మీటి చూసేవాడు" అంది. నేను ముఖం తిప్పుకున్నాను.

మిగతా పశువులకు టీకాలు వేశాం. మరొక్కటి చావలేదు, పైవాళ్లు మెచ్చుకున్నారు. మరుసటి ఏడు కొలుపుకు పక్కూరి డప్పు వచ్చింది. నాగమ్మ తలుపేసుకుని లోపల కూర్చుంది.

గొయ్యి ఎంత లోతు తీయాలో, సున్నం ఎంత పోయాలో నాకు నేర్పారు. ఆ గొయ్యిలో తన ఇంటి పండగంతా పూడిపోతుంటే చూస్తూ నిలబడ్డవాడికి ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు. సర్వీసంతా చేశాను. నాకూ తెలియలేదు.