మీసాలయ్య ఉన్నన్నాళ్లు

గుజరాతీ ఇంటావిడ హంసాబేన్ పై గది అద్దెకిచ్చేటప్పుడు పెట్టిన షరతు ఒక్కటే: మాంసం, చేప, గుడ్డు మెట్లెక్కకూడదు. రాజమల్లు వంగి దండం పెట్టి, సరేనని దిగాడు. సిరిసిల్ల మనిషి, భేస్తాన్‌లో మరమగ్గాల మీద పని. మగ్గం దగ్గర చెయ్యి చురుకని షెడ్డులో పేరు. ఇంట్లో ఆ చెయ్యి ఇంకా చురుకని భార్య భాగీరథి ఒంటికి మాత్రమే తెలుసు. అలాంటివాడి గురించి మంచిగా చెప్పే ఓపిక నాకు లేదు.

2003లో ఒక ఆదివారం అతను తడి గోనెసంచిలో బతికున్న మార్పు చేపను చుట్టుకొచ్చాడు. నీళ్లు లేకపోయినా చాలాసేపు చావని మీసాల చేప అది. కిటికీలు మూసి వండించుకోవాలని అతని ఎత్తు. సంచి విప్పి బకెట్లో వేశాడో లేదో, ప్రసాదం పట్టుకుని ఇంటావిడ హంసాబేన్ గుమ్మంలో నిలబడింది. బకెట్లో చేప టపటపా కొట్టుకుంటోంది.

“పెంచుకుందామని తెచ్చినం, బేన్,” అంది భాగీరథి, వచ్చీరాని హిందీలో. ఆ అబద్ధం ఎక్కడినుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు.

హంసాబేన్ కరిగిపోయింది. మనవడు ఆడి వదిలేసిన గాజు తొట్టిని అటక మీదనుంచి దింపించి పైకి పంపింది. నోటి దాకా వచ్చిన కూర తొట్టిలో ఈదుతుంటే రాజమల్లు పళ్లు నూరుకున్నాడు.

అలా మొదలైన పెంపకంలో భాగీరథి పూర్తిగా మునిగిపోయింది. దానికి మీసాలయ్య అని పేరు పెట్టింది. కుళాయి నీళ్లకు మందు వాసన కాబట్టి బకెట్లో పట్టి, ఒక రాత్రి మూత లేకుండా ఉంచి, పాత నీళ్లు కొంచెం తీసి అవి కొంచెం పోసేది. పొలుసులు లేని ఒళ్లు కదా అని ఇసుక, గరుకు రాళ్లు వేయలేదు. పగలు దాక్కోవడానికి పగిలిన కుండ బోర్లించింది. తల ఎత్తి మూత తోసేస్తుందని పైన సన్నికల్లు పెట్టింది. మురుగు కాల్వ పక్క మట్టిలో వానపాముల్ని ఏరి, కొంగు చాటున తెచ్చి వేసేది. గోటితో అద్దం మీద కొడితే చాలు, మీసాలయ్య కుండలోంచి బయటికొచ్చి ఆమె చేతిని తడిమేవాడు.

హంసాబేన్ కూడా పొద్దునా సాయంత్రం పిండి ఉండలతో పైకొచ్చేది. చేపకు మేత వేస్తే పుణ్యమట. తన పిండితోనే అది అంత లావెక్కిందని చెప్పుకుని మురిసేది. వానపాముల సంగతి ఆవిడకు ఎవరు చెబుతారు?

ఆవిడ ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి రాజమల్లు చెయ్యి లేవడం మానేసింది. తిట్లు మాత్రం మానలేదు. పెళ్లయ్యాక భాగీరథి వీపు పచ్చి పుండు కాకుండా ఉన్నది ఆ కొద్ది నెలలే. తనను కాస్తున్నది ఆ తొట్టిలోని చేపేనని ఆమెకు బాగా తెలుసు.

ఆ సంగతి రాజమల్లుకూ తెలుసు.

జూన్‌లో మిరుగం వచ్చింది. వానలు మొదలయ్యే ఆ రోజు చేప తినకపోతే దమ్ము, అంటే ఉబ్బసం, పట్టుకుంటుందని తెలంగాణ వాళ్ల నమ్మకం. కడోదరాలో ఉన్న దోస్తు సోమలింగం అతన్ని భోజనానికి రమ్మన్నాడు కూడా. వెళ్లలేదు. హంసాబేన్ గుడిలో పురాణం వినడానికి వెళ్లేదాకా ఆగాడు.

“జర చింతపండు తే పో,” అన్నాడు.

“ఎందుకు? ఇంట్ల పప్పే గద ఉన్నది.”

“పొమ్మంటే పోవాలె.”

ఆమె తిరిగొచ్చేసరికి తొట్టిలో నీళ్లే ఉన్నాయి. ఆమె అటు వెళ్లగానే అతను ఆమె కొట్టినట్టే గోటితో అద్దం మీద కొట్టాడు, చేప నమ్మి పైకొచ్చింది. రోకలితో తల మీద మోదినా ప్రాణం పోలేదు. జిగురు పోవడానికి బూడిద పులిమి నేల మీద పడేస్తే ఇంకా మీసాలు ఆడిస్తోంది.

“ఏందే గట్ల సూస్తున్నవ్? కొయ్యి. గిన్ని నెలలు మేపితివి గద, ఎంత కొవ్వు పట్టిందో సూస్త.”

కోసింది. కోయకపోతే రోకలి తన మీదికొస్తుంది. ఏడుస్తూనే కడిగింది, ఏడుస్తూనే వండింది. అతను తలకాయ కూడా వదలకుండా చీకి తిని, సబ్బుతో చేతులు కడుక్కుని, దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

మెట్ల మీదే వాసన పట్టింది హంసాబేన్. లోపలికొచ్చి తొట్టి చూసింది, కత్తిపీట ముందు కూర్చున్న భాగీరథిని చూసింది. రాజమల్లు కళ్లు నలుపుకుంటూ లేచాడు.

“రాత్రి పాళీ చేసొచ్చి పండుకున్న, బేన్. నేను లేసేసరికే గీమె గింత పని చేసింది.”

“నేను కాదు, బేన్! దేవుని మీద ఒట్టు!”

ఆమె చేతులనిండా పసుపు, చేప వాసన. ఆ చేతులు చూశాక ఇంకెవరి మాట వింటుంది హంసాబేన్?

“నిన్ను కూతురన్నాను కదే!” అని పిండి ఉండల్ని నేలకేసి కొట్టింది. “అతని ముఖం చూసి గది ఉంచుతున్నాను. నా ప్రాణముండగా ఈ మెట్లెక్కను.”

ఆవిడ దిగుతున్న చప్పుడు అడుగు దాకా విని, రాజమల్లు దుప్పటి తీసి పక్కన పెట్టాడు.

“ఇగ రాదట గద నీ బేన్,” అన్నాడు తీరిగ్గా.

 దెబ్బలకు పగిలితే మళ్లీ కొనిపెట్టడు కాబట్టి, భాగీరథి చేతులకున్న మట్టిగాజులు ఒక్కొక్కటే తీసి గూట్లో పెట్టుకుంది.