బదులుకు పనికిరాని సమ్మమ్మ

హనుమకొండలోని అమ్మాయిల జూనియర్ కాలేజీలో నేను అర్థశాస్త్రం చెప్పేదాన్ని. నోట్సు చెప్పండి, రాసుకుంటాం అనే పిల్లలను చూస్తే నాకు ఒళ్ళు మండేది. డెబ్బై ఏడులో హసన్‌పర్తి నుంచి వచ్చి చేరిన సమ్మమ్మ మాత్రం ఏనాడూ నోట్సు అడగలేదు. పాఠం అయ్యాక వరండాలో నన్ను ఆపి, "గదెట్ల మేడం?" అనేది. ఆ ప్రశ్న కోసమే నేను వరండాలో మెల్లగా నడిచేదాన్ని.

ఆ చలికాలంలో అవకాశ వ్యయం మొదలుపెట్టాను. ఒకటి కావాలనుకుంటే ఇంకొకటి వదులుకోవాలి. అలా వదులుకున్న వాటిలో మేలైనది ఏదో అదే మనం ఎంచుకున్నదానికి అసలు ధర. ఇంత చిన్న సంగతిని మా పాఠ్యపుస్తకం పేజీన్నర సాగదీసింది. సమ్మమ్మ దాన్ని ఇంటికి పట్టుకుపోయి, అన్నం తినే వేళ తండ్రి కట్టయ్యకు పాఠం చెప్పింది. చేనులో మక్కజొన్న వేయకుండా మిర్చి వేశావు కాబట్టి, చేతికి రాని ఆ మక్కే నీ మిర్చికి ధర అని ఉదాహరణ కూడా ఇచ్చిందట. కట్టయ్య శ్రద్ధగా విన్నాడు. మర్నాటి నుంచి పిల్లను కాలేజీ మాన్పించాడు.

సంగతి తెలిసి నేను కోపంతో బస్సెక్కాను. మిర్చి ఏరే రోజులు కావడంతో కట్టయ్య చేను గట్టు మీదే దొరికాడు.

"మీరు చెప్పిన పాఠమే గద పంతులమ్మా," అన్నాడు ఎంతో మర్యాదగా. "ఇది కాలేజీకి పోతాంది. గందుకే బదులుకు పోతలేదు. ఇది పోతనే గద అవతలోళ్ళు మా చేనుకు అచ్చేది. అంత లెక్కజూస్తె, మా ఇంట్ల అన్నింటికంటె పిరమైంది దీని సదువే."

పిరం అంటే ప్రియం, బాగా ఖరీదైనదని. బదులు అంటే అక్కడి పని పద్ధతి. ఈ రోజు నేను వచ్చి మీ చేనులో కాయ ఏరితే, రేపు మీరు వచ్చి మా చేనులో ఏరాలి. మధ్యలో పైసల ముచ్చట ఉండదు. ఆ ఏడు ఊరంతా కాయ ఒక్కసారే పండి, ఏరే చేతులకు కరువొచ్చింది. కట్టయ్య ఇంటి నుంచి బదులుకు వెళ్ళేది భార్య భద్రమ్మ ఒక్కతే. సమ్మమ్మ కూడా వెళ్తే ఇంకో మనిషి వీళ్ళ చేనుకు వస్తుంది. లేకపోతే పండిన కాయ చెట్టు మీదే చెడిపోతుంది.

"నీ బిడ్డ సగం పాఠమే చెప్పింది," అన్నాను. "వదులుకున్నదొక్కటే కాదు, దాంతోని ముందు వచ్చేది కూడా చూడాలె."

"వచ్చేది ఎప్పుడో అస్తది మేడం. కాయ ఇయ్యాలనే రాలుతాంది."



ఇంతలో పక్క చేను నుంచి దాని యజమానురాలు చిలుకమ్మ విసవిసా వచ్చింది. సమ్మమ్మ ఆ రోజు ఆమె చేనులోనే బదులుకు ఏరుతోంది. పిల్ల ఏరిన గంపను చిలుకమ్మ తెచ్చి కట్టయ్య ముందు కుమ్మరించింది. అందులో సగం దోరకాయలే. ఎండితే తెల్లబడి తాలుకాయ అవుతాయి, మార్కెట్లో వాటి మొహం ఎవరూ చూడరు.

"కట్టన్నా, పొద్దటిసంది నీ బిడ్డ కొమ్మలిరుసుడే గాని కాయ ఏరుడు లేదు. దీన్ని నాకు తోలి, నా అసొంటి పనిమంతురాలిని నీ చేనుకు రమ్మంటవా?"

కట్టయ్య తల దించుకున్నాడు. వెనకాలే వచ్చిన సమ్మమ్మ మాత్రం దించలేదు.

"అవునత్తా, నాకు కాయ ఏరుడు రాదు. నీకస్తది. నీ బిడ్డలు ఏడో తరగతి పరీక్ష రాయాలె. వాళ్ళకు చెప్పుడు నీకు రాదు, నాకస్తది. సాయంత్రం వాళ్ళను నా దగ్గర కూసుండవెట్టు. నువ్వు మా చేనుకు రా. గిది గూడ బదులే గద."

ఎవరు ఏ పని బాగా చేయగలరో వాళ్ళు ఆ పని చేసి, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటే ఇద్దరికీ మేలు. వినిమయం మీద ఆ పాఠాన్ని నేనింకా మొదలే పెట్టలేదు.

చిలుకమ్మ నడుము మీద చెయ్యి వేసుకుని, పిల్లను పైనుంచి కిందికి చూసింది. "పాస్ గాకపోతె?"

"వచ్చే యేడు నీ చేనంత నేనే ఏరుత."

"వద్దు తల్లీ, గా పనొక్కటి జెయ్యకు," అని చిలుకమ్మ నవ్వేసింది. "రేపు మీ చేన్లకు నేనస్త, అన్నా. దీన్ని బడికి తోలు."

కట్టయ్య కింద పడ్డ కాయలను ఒక్కొక్కటే గంపలోకి ఎత్తాడు. చివరికి, "రేపటి బస్సుకు పో బిడ్డా," అన్నాడు. తిరుగు బస్సులో నేను ఏడ్చాను. కారం ఘాటుకని పక్క సీటావిడతో చెప్పాను.

చిలుకమ్మ పిల్లలు పాసయ్యారు. ఆ మరుసటి ఏడు ఇంకో ముగ్గురు తల్లులు బేరానికి వచ్చారు. ఇంటర్, డిగ్రీ, యూనివర్సిటీలో ఎమ్మే, అన్నీ సమ్మమ్మ అలాగే చదివింది. ఆమె సాయంత్రాలు పాఠాలు చెబుతుంటే, ఊరి ఆడవాళ్ళు కట్టయ్య కాయ ఏరిపెట్టారు. ఎనభై ఆరులో మా కాలేజీకే లెక్చరర్‌గా వచ్చి, నా పక్క టేబుల్ దగ్గర కూర్చుంది. మొదటి క్లాసు ఎలా చెబుతుందోనని నేను పోయి ఆఖరి బెంచీలో కూర్చున్నాను. పుస్తకం తెరవకుండానే, "మీ ఇండ్లల్ల బదులుకు ఎవరు పోతరు?" అని అడిగింది. పిల్లలంతా నవ్వుతూ చేతులెత్తారు. ఇన్నేళ్ళలో నా క్లాసులో అన్ని చేతులు ఎప్పుడూ లేవలేదు. నాకు కాస్త అసూయ కలిగిన మాట నిజం. దానికి పదింతలు గర్వం కలిగింది.

బయటికి వస్తే, కట్టయ్య కొత్త కండువాతో వరండాలో నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. కిటికీలోంచి బిడ్డనే చూస్తున్నాడు.

"పంతులమ్మా, గా దినం గట్టు మీద నేను చెప్పింది ఇప్పటికీ గదే మాట," అన్నాడు. "మా ఇంట్ల అన్నింటికంటె పిరమైంది నా బిడ్డ సదువే."

బెల్లు కొట్టినా ఆయన అక్కడి నుంచి కదల్లేదు.