ఆవిరి పట్టిన చీర
మా అత్తయ్యగారు రిటైరయ్యేదాకా టీచరు. ఆ తర్వాత కూడా గంజి పెట్టిన నేతచీర తప్ప ఇంకోటి కట్టేవారు కాదు. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో బల్ల మీద దుప్పటి మడిచి వేసుకుని, మర్నాడు చర్చికి కట్టుకునే చీర తనే ఇస్త్రీ చేసుకునేవారు. నేను చేస్తానన్నా ఇచ్చేవారు కాదు.

పక్షవాతం వచ్చి తగ్గాక ఆవిడ నడక కుదుటపడింది, మాట తిరిగొచ్చింది. కుడిచేతికి మాత్రం స్పర్శ సరిగా రాలేదు. ఆ సంగతి డాక్టరుగారు చెప్పారు గానీ మాకు పూర్తిగా బుర్రకెక్కలేదు. ఒక శనివారం నేను వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే కమురు వాసన వచ్చింది. చీర కాలుతోందనుకుని హాల్లోకి పరిగెత్తాను. చీర బాగానే ఉంది. ఇస్త్రీపెట్టె అంచు ఆవిడ కుడిచేతి వేలికి ఆని ఉంది.

"ఏంటమ్మా, అలా పరిగెత్తుకొచ్చావు?" అన్నారు ఆవిడ, నా వైపే చూస్తూ.

ఆ పుండు మానడానికి చాలా రోజులు పట్టింది. మా ఆయన ఇస్త్రీపెట్టె తీసి అటక మీద పెట్టేశారు. చీరలు సందు చివర ఇస్త్రీ బండికి ఇవ్వడం మొదలుపెట్టాం. బాగానే చేసి ఇచ్చేవాళ్ళు. కానీ ఆదివారం వచ్చేసరికి "మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, మీరు వెళ్ళిరండి" అనేవారు అత్తయ్యగారు. కొన్ని వారాలు నమ్మాను. తర్వాత అడిగేశాను.

"నిజంగా మోకాళ్ళేనా అండీ?"

"నా చీర కూడా నేను చూసుకోలేకపోతే, తయారై ఎక్కడికని వెళ్ళనమ్మా?" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. మా స్కూల్లో తోటి టీచరొకావిడ చేత్తో పట్టుకునే స్టీమర్ వాడుతుంది. చీర హ్యాంగర్‌కి తగిలించి, వేలాడుతుండగానే ఆవిరి పడితే ముడతలు పోతాయని చెప్పింది. రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒకటి కొనుక్కొచ్చాను. "ఆవిరికి మాత్రం చెయ్యి కాలదా ఏంటి?" అన్నారు మా ఆయన. ఆయన అన్నదీ నిజమే. అందుకని ముందు నా చీరల మీద నేనే నేర్చుకున్నాను. బాగా వంచితే నీళ్ళు కారి మరకలు పడ్డాయి. నిండా నీళ్ళు పోస్తే చెయ్యి లాగేసేది. బోరునీళ్ళు పోస్తే ఆవిరి వచ్చే చోట తెల్లగా సున్నంలా పేరుకుంది, క్యాన్ నీళ్ళకి మారాను.

అన్నీ కుదిరాక అత్తయ్యగారి దగ్గరికి తెచ్చాను. ఎడమచేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదేం ఇస్త్రీ? జలుబు చేస్తే ఆవిరి పట్టినట్టుంది."

కుడిచెయ్యి వెనక్కి పెట్టుకోవాలన్నది మా ఇద్దరి ఒప్పందం. చీర కదలకుండా కింద అంచుకి బట్టల క్లిప్పులు వరసగా పెట్టాను, ఆ బరువుకి చీర సాఫుగా వేలాడింది. ఆవిడ పైనుంచి కిందికి నెమ్మదిగా ఆవిరి పట్టారు. పాపం, పట్టింది గంజి చీర. ఆవిరి తగిలేకొద్దీ మెత్తబడి జారిపోయింది. ముడతలు పోయాయి గానీ ఆవిడకి కావలసిన బిరుసు కూడా పోయింది. స్టీమర్ బల్ల మీద పెట్టి "తీసెయ్యమ్మా" అని గదిలోకి వెళ్ళిపోయారు. డబ్బాలో సర్ది బీరువా పక్కన పెట్టేశాను. తిరిగిచ్చేద్దామా అని కూడా అనుకున్నాను.

ఆ వారం మధ్యలో నేను స్కూలు నుంచి వచ్చేసరికి హాల్లో కిటికీ ఊచకి లేత నీలం జార్జెట్ చీర వేలాడుతోంది. మండపేటలో ఉండే ఆవిడ చెల్లెలు రిటైర్‌మెంటుకి పెట్టిన చీర అది. జారిపోతుందని ఒక్కసారి కూడా కట్టలేదు. కింద క్లిప్పులు వరసగా ఉన్నాయి. అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని, కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని, ఎడమచేత్తో ఆవిరి పడుతున్నారు.

"ఒక్కరే ఎందుకు మొదలుపెట్టారండీ?" అన్నాను.

"చెయ్యి చూడు, ఎక్కడుందో. బడిపిల్లకి చెప్పినట్టు చెప్పావుగా, మర్చిపోతానా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "గంజి బట్ట దీనికి పనికిరాదు. పోనీలే, బట్టే మారుద్దాం" అన్నారు.

ఆదివారం ఆ నీలం చీర కట్టుకున్నారు. కుచ్చిళ్ళు నేను పెట్టాను, అంతవరకు ఒప్పుకున్నారు. చర్చి మెట్ల దగ్గర ఆవిడతో పనిచేసిన పాత టీచరుగారు ఆపి, "ఇన్నాళ్ళూ ఏమైపోయారండీ? ఈ రంగు మీకు ఎంత బావుందో!" అన్నారు. అత్తయ్యగారు కొంగు సవరించుకుని, "నేనే చేసుకున్నానండీ, ఎడమచేత్తో" అన్నారు.

ఆ టీచరుగారికి ఏమీ అర్థంకాలేదు. అయినా తలూపి, ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు.